నయమా, నయమైందా

బండి ఆగి ఉన్నప్పుడు జరిగింది. అందుకే చూసినవాళ్ళూ విన్నవాళ్ళూ మొదట అన్న మాట ఒక్కటే: ఇంకా నయం.

అతను ఊళ్ళో తిరిగే బస్సుకి డ్రైవరు. అసలు పేరు జీతాల రోజున తప్ప ఎవరి నోటా వినపడదు. డిపోలో అతని పేరు నిదానం. ఉద్యోగంలో చేరిన కొత్తలో, వెనక కార్లవాళ్ళు హారన్లతో చెవులు చిల్లులు పడేలా మోగిస్తున్నా సరే, ఒక ముసలావిడ మెట్టెక్కి, సీటు వెతుక్కుని, సంచీ ఒళ్ళో సర్దుకునేదాకా బండి కదిలించలేదు. కంట్రోలరు విసుక్కుని పెట్టిన పేరది. ఏళ్ళు గడిచేకొద్దీ అందులోని విసుగు అరిగిపోయి పేరు మిగిలింది. కొత్తగా చేరినవాళ్ళు అదే అసలు పేరనుకుని నిదానం గారూ అని పిలుస్తారు.

ఆ రోజు మార్కెట్టు స్టాపులో బండి ఆపాడు. జనం ఎక్కుతున్నారు. పక్క అద్దంలోంచి చూస్తున్నాడు. ఒకాయన నల్ల గొడుగు ముడుచుకుంటూ మెట్టు మీద కాలు పెట్టాడు. ఆ వెంటనే అదే గొడుగు తన మొహం మీద విప్పి ఉంది. తను రోడ్డు పక్కన వెల్లకిలా పడుకుని ఉన్నాడు. చొక్కా తడిసింది, నాలుక మండుతోంది. కండక్టరమ్మ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, “అన్నా, నేనెవరో చెప్పు” అంటోంది. ముడుస్తున్న గొడుక్కీ విప్పిన గొడుక్కీ మధ్య అతనికి ఏమీ లేదు. చీకటి కూడా లేదు. నిద్రపోయి లేస్తే ఎంతో కొంత పొద్దు గడిచిందని ఒంటికి తెలుస్తుంది కదా, అది కూడా తెలియలేదు.

మధ్యలో ఏం జరిగిందో కండక్టరమ్మ చెబితే విన్నాడు. ఆమె గంట కొట్టిందట. బండి కదల్లేదట. మళ్ళీ కొట్టిందట. ముందుకొచ్చి చూస్తే అతను ఎదురుగా రోడ్డుకేసి చూస్తూ చొక్కా గుండీని పీకుతున్నాడట. భుజం మీద చెయ్యి వేయగానే ఒళ్ళంతా బిగుసుకుని, స్టీరింగు మీదకి వాలి కొట్టుకోవడం మొదలైందట. హారన్ ఆగకుండా మోగిందట. ఇదంతా ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి గురించి చెబుతున్నట్టు విన్నాడు. చివరికి ఆమె ముక్కు తుడుచుకుని, ఇంకా నయం, బండి ఆగి ఉంది, అంది.

ఆసుపత్రికి పరుగెత్తుకొచ్చిన భార్య కూడా అదే అంది. డిపో మేనేజరు వచ్చి అదే అన్నాడు. పక్క మంచం మీది కాలు విరిగినాయన కథంతా అడిగి తెలుసుకుని, ఆయనా అదే అన్నాడు. అవునవునని నిదానం అందరికీ తలూపాడు. కానీ ఆ సాయంత్రం గోడకేసి తిరిగి పడుకున్నాక అనుమానం వచ్చింది. నయం అంటే దేనికంటే నయం? జరగని దానికంటే. ఆ జరగనిది అతని తలలో జరగడం మొదలుపెట్టింది. ఆగని బస్సు ఒకటి మార్కెట్టు స్టాపు దాటి, కూరగాయల బండ్ల మధ్యనుంచి పోతూనే ఉంది.

నరాల డాక్టరమ్మ తలకి తీగలు అంటించి చూసింది, పెద్ద గొట్టంలాంటి మిషన్లో పడుకోబెట్టి చూసింది, రక్తం తీసి చూసింది. మూర్ఛే, కానీ ఎందుకు వచ్చిందో తెలియడం లేదంది. కొందరికి కారణం దొరకదట. పొద్దునా రాత్రీ మాత్రలు రాసిచ్చి, క్రమం తప్పకుండా వేసుకోండి, నయమవుతుంది, అంది. ఎప్పటికవుతుందని అడిగితే చూద్దామంది. నయమయ్యేదాకా బండి ముట్టుకోవద్దంది.

డిపోలో అతనికి విచారణ కిటికీ దగ్గర కుర్చీ వేశారు. ఏ బస్సు ఎటు పోతుందో, ఎక్కడ మారాలో అడిగినవాళ్ళకి చెప్పాలి. అద్దానికి గుండ్రటి కన్నం, కన్నం కింద చిల్లర జారే గాడి, అవతల వంగి చూసే మొహాలు. ఇవతల నిదానం రోడ్లన్నీ కళ్ళు మూసుకుని చెప్పగలడు. చెబుతుంటే అరచేతులు తిమ్మిరెక్కేవి. నయమయ్యాక నీ బండి నీదే అని మేనేజరు మాటిచ్చాడు కనక, ఆ మాట పట్టుకుని కూర్చున్నాడు.

ఇంట్లో సంగతి వేరు. భార్య బట్టలుతికి ఇస్త్రీ చేసి ఇచ్చే దుకాణంలో కౌంటరు మీద పనిచేస్తుంది. నోరూ చెయ్యీ రెండూ చురుకే. ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాడే స్క్రూడ్రైవరు తెచ్చి, స్నానాల గది తలుపుకి లోపలి గడియ ఊడదీసింది. లోపల పడితే తలుపు బద్దలు కొట్టే ఓపిక నాకు లేదు, అంది. గడియ లేని తలుపు వెనక నడివయసు మగవాడు ఎలా స్నానం చేస్తాడు? అతను లోపలినుంచి దగ్గుతూ ఉండేవాడు, ఎవరూ రావద్దని. ఆమె బయటినుంచి ఆ దగ్గు వింటూ ఉండేది, ఇంకా బాగానే ఉన్నాడని. సబ్బు మొహానికి రాసుకునేటప్పుడు దగ్గడం మరిచిపోతే చాలు, తలుపు మీద ధబధబమని బాదేది.

బంధువులు ఫోను చేసి ఎలా ఉందని అడిగితే, మునుపటి మీద నయమే అని చెప్పేది. పక్కగదిలోంచి వింటున్న నిదానానికి అది ఎక్కడో గుచ్చుకుంది. ఒకసారి అడిగేశాడు, మునుపంటే ఎప్పుడని. నాకు వచ్చింది ఒక్కసారి. అంతకు మునుపు గుండ్రాయిలా ఉన్నాను. దానికంటే నయంగా ఉన్నానా? ఆమె ఇస్త్రీకి కందిన చొక్కాకేసి చూసినట్టు అతనికేసి చూసి, మాటకి అంటామండీ, మాటకి అన్నదానికి కూడా లెక్క చెప్పాలా, అంది.

మందుల దుకాణంలో ఇంకో ముచ్చట. మాత్రలు అడిగితే కుర్చీలోని మనిషి, దీనికంటే వేరే కంపెనీది నయమండీ, అదివ్వనా, అన్నాడు. నిదానం సంబరపడి అదే తెచ్చుకున్నాడు. దాంతో తొందరగా తగ్గిపోతుందని ఇంటికొచ్చి గొప్పగా చెబితే, భార్య డబ్బా తిప్పి చూసి నవ్వింది. వాడు నయమన్నది ధర. మందు అదే, ఖరీదు తక్కువ. ఒకే మాట దుకాణంలో ఒక రకంగా, ఇంట్లో ఒక రకంగా, ఆసుపత్రిలో ఇంకో రకంగా ఉంటే మనిషన్నవాడు దేన్ని పట్టుకుని నిలబడాలో అతనికి అర్థం కాలేదు.

ఏడాది తిరిగింది. మళ్ళీ రాలేదు. అంటే, రాలేదని అందరూ అన్నారు. డాక్టరమ్మ మళ్ళీ తీగలంటించి చూసి, నయమే, అంది. అతను మెట్లు రెండేసి చొప్పున దిగి, తిన్నగా డిపోకి పోయి మేనేజరుతో చెప్పాడు. మేనేజరు చెడ్డవాడు కాదు. డ్రైవర్లు చాలక ట్రిప్పులు రద్దవుతుంటే పైవాళ్ళ చేత చీవాట్లు తింటున్నవాడు. అయినా పెన్ను మూత పెట్టి, బాగా గుర్తు తెచ్చుకోమన్నాడు: నయమే అన్నారా, నయమైంది అన్నారా?

నిదానానికి గుర్తు లేదు. గుర్తున్నంతవరకు నయమే అన్నట్టే ఉంది. తేడా ఏమిటని అడిగాడు. మేనేజరు, నయమే అంటే ఫరవాలేదని, నయమైంది అంటే అయిపోయిందని అన్నాడు. వెనక యాభై మంది కూర్చునే బండికి ఫరవాలేదు చాలదు. పోయి అడిగి రమ్మన్నాడు.

పోయి అడిగాడు. డాక్టరమ్మకి మొదట విసుగొచ్చింది, రెండూ ఒకటే కదా అంది. మా డిపోలో కాదట మేడమ్, అన్నాడు. అప్పుడామె కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

“ఏడాదిగా రాలేదు. అందుకని నయమే అన్నాను. ఇక ఎప్పటికీ రాదని నేను చెప్పలేను. ఎవరూ చెప్పలేరు.”

“మరి ఈ మాత్రలు మానేయొచ్చా మేడమ్?”

“వద్దు, మానకూడదు.”

“మానకూడదంటే నయం కానట్టే కదా?”

“వేసుకుంటున్నారు కాబట్టే నయంగా ఉన్నారు.”

బయటి దారి కనపడని చౌరస్తా చుట్టూ తిరుగుతున్నట్టుంది అతనికి. డాక్టరమ్మ మంచిదే, దాచడం లేదు. మీరు బండి నడపకూడదని అననంది, నడపమనీ అననంది. నేను చెప్పేది మీ తల సంగతి, బస్సు సంగతి మీరూ మీ ఆఫీసూ చూసుకోవాలి, అంది. ఆ మాటే మోసుకెళ్ళి మేనేజరుకి అప్పజెప్పాడు. మేనేజరు అటు వీలుకాదనీ అనలేదు, ఇటు సరేననీ అనలేదు. కర్ర విరగకుండా పాము చావకుండా ఒక దారి చెప్పాడు. నీ ఒళ్ళు నీకంటే ఎవరికి తెలుసు, నయమైందని నువ్వే నోటితో చెప్పు, సోమవారం నుంచి బండి ఇస్తాను.

ఇంత చిన్న మాటని తన నోట్లో పెడతారని నిదానం అనుకోలేదు. చెబితే బండి వస్తుంది. కానీ ఏమని చెబుతాడు? జ్వరం వచ్చినవాడికి జ్వరం తెలుస్తుంది, తగ్గినప్పుడు తగ్గిందని తెలుస్తుంది. కాలు విరిగినవాడికి నడిచినప్పుడు తెలుస్తుంది. తనకి వచ్చింది వచ్చినట్టే తెలియలేదు. లోకమంతా చూసిన జబ్బుని చూడనివాడు తనొక్కడే. ఎరగనిది పోయిందో లేదో ఎలా ఎరుగుతాడు? అన్నం ముందు కూర్చుని ఇలాగే ఆలోచిస్తూ కదలకుండా ఉండిపోతే, భార్య గబుక్కున మోచెయ్యి పట్టుకుని కుదిపింది. ఆలోచిస్తున్నానే, అన్నాడు. ఆలోచించేటప్పుడు కాస్త కదులుతూ ఆలోచించండి, అంది ఆమె. ఆమె వేళ్ళు చాలాసేపటిదాకా అతని మోచేతినే పట్టుకుని ఉన్నాయి.

ఆ వారమే వదిన వచ్చింది. భార్యకి అక్క. బళ్ళో తెలుగు పాఠాలు చెబుతుంది. మాటంటే ఆవిడకి మక్కువ, ఒక మాట దొరికితే తొక్కా గింజా కూడా వదలదు. నిదానం మంచినీళ్ళిచ్చి, నయం అంటే అసలు ఏమిటి వదినా అని అడిగాడు. ఇంతకాలానికి మరిది తనకి పనికొచ్చే ప్రశ్న వేశాడని ఆవిడ మొహం వెలిగిపోయింది.

మాట సంస్కృతందట. తీసుకుపోవడం, నడిపించడం అనే ధాతువులోంచి పుట్టిందట. ముందు నడిచి తీసుకుపోయేవాడు నాయకుడు, నేత. దారి చూపిస్తుంది కనక కన్ను నయనం. నడిపించే పద్ధతి నీతి. అటూ ఇటూ ఊగే ఆలోచనని ఒక గట్టుకి చేర్చేది నిర్ణయం. అలిగినవాళ్ళని వెంటపడి మెత్తగా దారికి తెచ్చుకోవడం అనునయం. అలా నడిపించే తీరు కాస్తా మంచి తీరయింది, మంచి తీరు మెత్తదనమైంది. నయానా భయానా అంటాం కదా, అందులో నయం అదే. మెత్తదనం నుంచి మేలు, మేలు నుంచి ఇంకొకదానికంటే మేలు, బేరగాళ్ళ నోట్లో పడి చౌక, రోగుల దగ్గర రోగం తగ్గడం. ఇంత మంచి మాట పక్కన వంచన చేరితే నయవంచన. ఆవిడ ఆగకుండా చెబుతూ పోయింది. మధ్యలో గుర్తొచ్చి నవ్వింది కూడా. నీ పేరూ వైద్యం మాటే మరిదీ, రోగం ఎందుకొచ్చిందో కనుక్కోవడాన్ని పాతవాళ్ళు నిదానం అనేవాళ్ళు. నిదానం గారి రోగానికే నిదానం దొరకలేదన్నమాట.

భార్య కూడా నవ్వింది. నిదానం నవ్వబోయి ఆగిపోయాడు. తీసుకుపోవడం అన్న దగ్గరే అతని మనసు చిక్కుకుంది. ఇన్నేళ్ళూ జనాన్ని తీసుకుపోయింది తనే. ఇప్పుడు తనని మాత్రలు తీసుకుపోతున్నాయా, డాక్టరమ్మ తీసుకుపోతోందా? ఎక్కడికి?

“అయితే వదినా, నాకు నయమైనట్టా కానట్టా?”

వదిన నవ్వు ఆగింది. చెంగుతో చేతులు తుడుచుకుంది. “నాకు తెలిసింది మాట సంగతి మరిదీ. ఒంటి సంగతి కాదు,” అంది.

నిదానం నోట ఆ మాట రాకపోయేసరికి మేనేజరు తనంతట తనే ఒక పరీక్ష పెట్టించాడు. డిపో వెనక ఖాళీ స్థలంలో, డ్రైవింగు నేర్పే మాస్టారు పక్కన కూర్చోగా, ఖాళీ బండి నడిపి చూపించాలి. సీటు ఎత్తు సరిచేసుకుని, అద్దాలు సర్దుకుని, తాళం తిప్పగానే ఇంజను అదురు అరికాళ్ళలోకి ఎక్కింది. చేతులు ఏదీ మరిచిపోలేదు. డ్రమ్ముల మధ్యనుంచి ఎనిమిది అంకెలా తిప్పాడు. గోడకి జానెడు దూరంలో వెనక్కి తెచ్చి ఆపాడు. మాస్టారు కిటికీలోంచి తల బయటపెట్టి ఆ జానెడు చూసి, నీకేమయ్యా, మావాళ్ళందరికంటే నువ్వే నయం, అన్నాడు.

నిదానం ఇంజను ఆపలేదు. స్టీరింగు మీద చేతులు పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. ఇందాక మూడో డ్రమ్ము దగ్గర తిప్పినట్టు గుర్తుంది, నాలుగోదాని దగ్గర గుర్తు లేదు. మామూలుగా మరిచిపోవడమా? రోజూ నడిపేవాళ్ళకి ప్రతి మలుపూ గుర్తుంటుందా? ఉండదు కదా?

“మాస్టారూ, మధ్యలో నేనెక్కడైనా ఆగానా?”

“ఆగమన్న చోట ఆగావు కదా.”

“అది కాదు. నేను, నేను ఆగానా?”

మాస్టారు అతనికేసి అదోలా చూసి, ఎండ దెబ్బేమో, దిగి నీళ్ళు తాగమన్నాడు.

గేటు పక్క టీ బల్ల దగ్గర కండక్టరమ్మ నిలబడి ఉంది. పరీక్ష చూడ్డానికే డ్యూటీ కంటే ముందుగా వచ్చింది. ఎన్నో ఏళ్ళు ఇద్దరూ ఒకే బండి మీద తిరిగారు. ఆమె గంట కొట్టే తీరుని బట్టి ఆమెకి తలనొప్పిగా ఉందో, ఎవరితోనైనా గొడవపడిందో అతను చెప్పగలడు. ఆమె కూతుర్ని బడికి దింపే దారి కూడా వాళ్ళ రూటే. ఆ పిల్ల ఎప్పుడూ ఇంజను పక్క సీట్లోనే కూర్చునేది. టీ చేతికిస్తూ ఆమె, బాగా నడిపావన్నా, అంది.

నిదానం గ్లాసు బల్ల మీద పెట్టాడు. “నేను మళ్ళీ బండెక్కితే నువ్వు ఎక్కుతావా?”

“అదేం ప్రశ్న? ఎక్కుతాను.”

ఆమె టీ ఊదుకుంటూ డిపోలోంచి వెళ్ళే బండ్లని చూస్తూ నిలబడింది. రెండు బండ్లు పోయాయి. అప్పుడు అతనికేసి చూడకుండానే అంది:

“మా పాపని మాత్రం ఎక్కించను అన్నా. అడిగావు కాబట్టి చెబుతున్నాను. కోపం తెచ్చుకోకు.”

కోపం రాలేదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగిన మాట నిజమే, కానీ ఎవరో భుజాల మీంచి బరువు దించినట్టు కూడా ఉంది. ఏడాదిగా చెవిన పడ్డ మాటల్లో ఇటు తిప్పితే ఒకటి, అటు తిప్పితే ఒకటి కానిది ఇదొక్కటే. నేనైనా ఎక్కించను, అని ఆమెతో అన్నాడు. అన్నాక గానీ, ఆ సంగతి తనకి ముందునుంచీ తెలుసని అతనికి తెలియలేదు.

లోపలికి వెళ్ళి మేనేజరుతో బండి వద్దు సార్ అన్నాడు. మేనేజరు తెల్లబోయాడు. సోమవారం డ్యూటీ వేసి పెట్టాడు మరి. అయితే నయం కాలేదా అని అడిగాడు. అది నాకు తెలియదు సార్, అన్నాడు నిదానం. తెలియకపోతే ఎందుకు వద్దంటున్నావు? తెలియదు కనకే సార్. మేనేజరు మొదట నచ్చజెప్పాడు. తర్వాత, ఆ కిటికీ కూడా ఎన్నాళ్ళుంటుందో చెప్పలేనని కాస్త భయపెట్టాడు. చివరికి తలపట్టుకుని, పోనీ కండక్టరుగా చేస్తావా, అన్నాడు. నిదానం ఒప్పుకున్నాడు.

ఇంటికొచ్చి చెబితే భార్య పొయ్యి వెలిగించింది. అతనికి ఇష్టమని ఉల్లిపాయలు బంగారు రంగు వచ్చేదాకా వేయించింది. తినేటప్పుడు మాత్రం, నిలబడి చేసే పని కదా, ఎక్కడైనా పడితే, అంది. పడితే నేనొక్కణ్ణే పడతాను కదా, అన్నాడు. ఆమె వడ్డించే గరిటె గిన్నెలో వదిలేసి అవతలికి వెళ్ళిపోయింది. తిరిగి వచ్చాక, అలాంటి మాటలు నా ముందు అనకండి, అంది. ఆమెను సంతోషపెట్టే మాట చెబుతున్నాననుకున్న నిదానం మళ్ళీ అయోమయంలో పడ్డాడు.

కండక్టరు పని అతను అనుకున్నంత తేలిక కాలేదు. కదిలే బండిలో కూర్చుని బతికినవాడు కదిలే బండిలో నిలబడడం నేర్చుకోవాలి. మొదట్లో మలుపు తిరిగినప్పుడల్లా పోయి ఎవరో ఒకరి ఒళ్ళో పడేవాడు. ఎదురుగా ఏదైనా అడ్డొస్తే అతని కుడికాలు దానంతటదే నేలని తొక్కేది. ముందున్న డ్రైవరు కుర్రాడు అద్దంలో చూసి నవ్వేవాడు. చిల్లర ఇవ్వబోయి మరిచిపోతే, ఇది వట్టి మరుపా, ఆ మరుపా అని గుండె ఝల్లుమనేది. పిలిచి పక్కవాణ్ణి అడిగేవాడు, నేనిందాక ఏం చేస్తున్నానని. టికెట్టు కొడుతున్నారు కదా, అనేవాళ్ళు వాళ్ళు, ఇదేం మనిషిరా అన్నట్టు చూస్తూ. రానురాను అడగడం తగ్గింది. పూర్తిగా పోలేదు.

డిపోలో ఒంట్లో నయమేనా అని ఎవరైనా పలకరిస్తే, ఆ, నయమే, అంటాడు. ఆ మాటతో వాళ్ళేం అడిగారో, తనేం చెప్పాడో సరిగ్గా తెలియదు. అడిగినవాళ్ళు మాత్రం తృప్తిగా వెళ్ళిపోతారు.

ఈమధ్య ఒక మధ్యాహ్నం ఆసుపత్రి స్టాపులో ఒకాయన ఎక్కాడు. చంకలో తలగడ, చేతిలో ఫ్లాస్కు. చాలా రోజులు మంచం మీద ఉన్నవాళ్ళకి జుట్టు ఒక పక్కకి అణిగిపోయి ఉంటుందే, అలా ఉంది. వెంట ఎవరూ లేరు. నిదానం తన సీట్లో కూర్చోబెట్టి, ఎలా ఉందండీ, అని అడిగాడు.

“నయమైందన్నారండీ,” అన్నాడాయన. అని, నిదానం మొహంలోకి చూశాడు. ఆ చూపు నిదానానికి తెలుసు. “అంటే ఇక రాదనే కదండీ?”

నిదానం నోరు తెరిచాడు. వదిన చెప్పింది, డాక్టరమ్మ చెప్పింది, మేనేజరు చెప్పింది అన్నీ ఒక్కసారి నోటి దాకా వచ్చి ఆగిపోయాయి. బండి మలుపు తిరుగుతోంది. పడిపోబోతున్న తలగడని పట్టుకున్నాడు.

“ఎక్కడ దిగాలండీ మీరు?” అన్నాడు.

ఆయన చెప్పాడు. వీధి పేరైతే తెలుసట, బస్సు ఎక్కడ ఆగుతుందో తెలియదట.

“కూర్చోండి. వచ్చినప్పుడు నేను చెప్తాను,” అని టికెట్టు చింపి ఇచ్చి, నిదానం వెనక సీట్లలో కొత్తగా ఎక్కినవాళ్ళ దగ్గరికి కదిలాడు.